తెగిన దారులు: సముద్రం వైపు నుంచి గోదావరి డెల్టా చరిత్ర

గోదావరి డెల్టా చరిత్ర చెప్పమంటే మనం సాధారణంగా వేంగి చాళుక్యులతో మొదలుపెట్టి, రాజరాజ నరేంద్రుని రాజమహేంద్రవరం మీదుగా నడిచి, ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర కాసేపు ఆగి, స్వాతంత్ర్యోద్యమంతో ముగిస్తాం. ఆ వరుసలో తప్పు లేదు. అయితే అందులో కనిపించే రాజులూ సేనలూ దాదాపు అందరూ నేల మీదుగా వచ్చినవారే. సముద్రం ఆ కథకు ఒక అంచుగా మిగిలిపోతుంది. గత నాలుగు వందల ఏళ్ళలో ఈ డెల్టాలో ఎవరి మగ్గం ఆగింది, ఎవరి చేలో ఏ వంగడం మొలిచింది, ఏ ఇంట్లో మగవాళ్ళు లేకుండా సంక్రాంతి గడిచింది, ఏ పెంకుటిల్లు డాబాగా మారింది అన్న ప్రశ్నలకు జవాబులు మద్రాసులో, హైదరాబాదులో, ఢిల్లీలో ఎంత దొరుకుతాయో బటేవియాలో (నేటి జకార్తాలో), రంగూన్‌లో, ఫిలిప్పీన్స్‌లోని లాస్ బాన్యోస్‌లో, కువైట్‌లో కూడా అంతే దొరుకుతాయి.

ఒక దేశపు సరిహద్దుల లోపలే కూర్చుని చరిత్ర రాయకుండా, ఒక మనిషినో సరుకునో విత్తనాన్నో పట్టుకొని అది ఎన్ని సరిహద్దులు దాటితే అన్నీ దాటుతూ వెంబడించే పద్ధతిని చరిత్రకారులు దేశాంతర చరిత్ర అంటున్నారు. ఆ పద్ధతిని మన డెల్టాకు అన్వయించేటప్పుడు ఒక జాగ్రత్త అవసరమని నేను నమ్ముతాను. దూరదేశాలతో మనకున్న సంబంధాలను ఘనంగా చెప్పుకోవడం తేలిక. మన బట్ట జావా వెళ్ళిందనో, మన బియ్యం ఆఫ్రికా వెళుతున్నదనో అనుకుంటే మనసుకు హాయిగా ఉంటుంది. కాని ఒక దారి సాఫీగా నడుస్తున్నంత కాలం అది ఎవరి కష్టం మీద నడుస్తున్నదో, నష్టం వస్తే ఎవరు భరించాలని ముందే తీర్మానం అయిపోయిందో బయటికి కనిపించదు. అది తెగిన రోజున కనిపిస్తుంది. అందుకే ఈ వ్యాసంలో దారులు ఏర్పడిన ఘట్టాలను త్వరగా దాటి, అవి తెగిన చోట్ల ఎక్కువ సేపు ఆగుతాను.

బట్టతో మొదలుపెడతాను. 17వ శతాబ్దంలో డచ్చి ఈస్టిండియా కంపెనీ, అంటే మన పాత వాడుకలో వలందావారు, నరసాపురం, పాలకొల్లు, ద్రాక్షారామం ప్రాంతాల నుంచి నూలుబట్ట సేకరించేవారు. వారికి నిజంగా కావలసినవి ఇండోనేషియా దీవుల లవంగాలు, జాజికాయ, జాపత్రి. అక్కడివారు ఆ సుగంధ ద్రవ్యాలకు బదులుగా మన కోరమాండల్ తీరపు బట్టలను కోరేవారు. ఆ బట్ట కొనడానికి కావలసిన వెండి, రాగి చాలా వరకు జపాన్ నుంచి వచ్చేవి. ఈ విధంగా జపాన్ గనిలో తవ్విన లోహం పాలకొల్లు దగ్గర నేతగాడికి బయానాగా ముట్టి, అతని బట్ట దూరపు దీవిలో లవంగాల మూటగా మారి, ఆ మూట ఆమ్‌స్టర్‌డామ్‌లో లాభంగా తేలేది. ఏ రంగు, ఏ పొడవు, ఏ నేత కావాలో నమూనాలు ముందుగానే వచ్చేవి. నరసాపురం పక్కనే ఉన్న మాధవాయపాలెంలో ఆంగ్లేయులు ఫ్యాక్టరీ, అంటే సరుకు కొనే వర్తక స్థావరం, పెట్టుకున్నారు. ఆ ఊరి పేరు మీద చలామణీ అయిన తెల్లని నూలుబట్ట ఐరోపాలో ఎంత పేరు తెచ్చుకున్నదంటే, 19వ శతాబ్దం వచ్చేసరికి ఐరోపా మిల్లుల్లో యంత్రాల మీద నేసిన బట్టను కూడా అదే పేరుతో అమ్మారు. మగ్గం ఆగిపోయాక కూడా పేరు మాత్రం అక్కడ బతికే ఉంది. ఇక్కడ నేతగాళ్ళు కూలీ పనుల్లోకి దిగవలసి వచ్చింది. 1824లో లండన్‌లో ఆంగ్లేయులు, డచ్చివారు ఒక ఒప్పందం మీద సంతకాలు చేసి తమ తమ స్థావరాలను మార్చుకున్నప్పుడు పాలకొల్లు, ద్రాక్షారామం, కాకినాడ జగన్నాథపురం ఆంగ్లేయుల చేతికి వచ్చాయి. ఆ ఊళ్ళలో ఎవరినీ ఎవరూ అడిగింది లేదు.

కోరింగ కథ ఇంతకంటే లోతైనది. నేడు తాళ్ళరేవు దగ్గర మడ అడవుల అభయారణ్యానికి పేరుగా మాత్రమే చాలామందికి తెలిసిన ఈ ఊరు ఒకప్పుడు ఓడలు కట్టే, మరమ్మతు చేసే రేవు. గౌతమీ పాయ సముద్రంలో కలిసే చోట, తుపాను గాలుల నుంచి కొంత చాటు దొరికే మూలలో అది పెరిగింది. 1789 డిసెంబరులో వచ్చిన ఉప్పెనలో ఆ పట్టణం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. సుమారు 20,000 మంది చనిపోయారని నాటి కథనాలు చెబుతాయి. కోలుకున్న రేవును 1839 నవంబరులో మరో ఉప్పెన ముంచింది. ఈ రెండో దానికి మూడు లక్షల మంది బలి అయ్యారన్న అంకె ఇప్పటికీ అచ్చవుతూనే ఉంది. చరిత్రకారులు దాన్ని అనుమానిస్తున్నారు, నాకూ అది నమ్మశక్యంగా లేదు. అంకె ఏదైనా, రేవు మళ్ళీ మునుపటిలా నిలబడలేదు. గోదావరి మేట వేస్తూ పోవడం, కాకినాడ ఎదగడం మిగతా పని పూర్తి చేశాయి.

కోరింగ మరణించినా దాని నుంచి రెండు విషయాలు ప్రపంచంలోకి వెళ్ళిపోయాయి. మొదటిది తుపానుల శాస్త్రం. పూర్వం ఓడ కెప్టెన్‌గా పనిచేసి కలకత్తాలో స్థిరపడిన హెన్రీ పిడింగ్టన్ 1839 నుంచి బంగాళాఖాతంలో తిరిగే ఓడల దినచర్య పుస్తకాలను పోగుచేసి, గాలి ఏ రోజు ఏ దిశ నుంచి వీచిందో పోల్చి చూసి, ఈ తుపానులు సుడి తిరుగుతూ ముందుకు కదులుతాయని వివరించే వ్యాసాలు వరుసగా రాశాడు. కోరింగ ఉప్పెన ఆయన చర్చించిన వాటిలో ఒకటి. 1848లో ఆయన నావికుల కోసం తెచ్చిన పుస్తకం తర్వాత సైక్లోన్ అనే మాట అన్ని సముద్రాల్లోనూ స్థిరపడింది. మన తీరంలో మునిగిపోయిన ఊరు ఇతర తీరాల నావికులకు పాఠం అయింది. ఆ పాఠం తిరిగి మన తీరపు పల్లెకారులకు హెచ్చరికగా చేరడానికి మాత్రం చాలా దశాబ్దాలు పట్టింది.

రెండవది మనుషులు. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయిన తర్వాత మారిషస్ చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చారు. అక్కడికి తెలుగువాళ్ళను తీసుకువెళ్ళిన రేవుల్లో కోరింగ ఒకటి కావడంతో, ఏ జిల్లా నుంచి వెళ్ళినా మారిషస్‌లో తెలుగువారందరినీ కోరింగీలనే పిలిచారు. వారి వంశీకులు నేటికీ సింహాద్రి అప్పన్నకు పూజలు చేస్తారు. ఉగాది అక్కడ జాతీయ సెలవు దినం. కోరింగ ఊళ్ళో మాత్రం వెళ్ళినవారిని గుర్తుచేసే చిన్న ఫలకాన్ని కూడా నేను చూడలేదు. ఈ లోపం నన్ను నిజంగా బాధిస్తుంది.

ఇక రంగూన్. మన ముసలివాళ్ళు దాన్ని రంగం అనేవారు. "రంగం వెళ్ళాడు" అంటే సంపాదనకు సముద్రం దాటాడని అర్థం. ఈ వలసను అర్థం చేసుకోవాలంటే రెండు డెల్టాలను పక్కపక్కన పెట్టి చూడాలి. గోదావరి మీద ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. సరిగ్గా ఆ 1852లోనే ఆంగ్లేయులు రంగూన్‌ను, దిగువ బర్మాను ఆక్రమించారు. ఇక్కడ కాలువలు వచ్చి వరి విస్తరించగా, అక్కడ ఇరావతి డెల్టాలో అడవి కొట్టి వరి పొలాలు చేశారు. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక బర్మా బియ్యానికి ఐరోపా మార్కెట్ దగ్గరైంది. రంగూన్ బియ్యపు మిల్లులకు, ఓడరేవుకు కూలీలు కావాలి. నీళ్ళు పారుతున్న గోదావరి డెల్టా నుంచి మనుషులు ఎందుకు వెళ్ళారన్నది సహజమైన ప్రశ్న. ఆనకట్ట నీళ్ళు తెచ్చింది కాని భూమిని పంచలేదు. పొలం ఉన్నవాడికి రెండు పంటలు వచ్చాయి. పాలేరుకు, వ్యవసాయ కూలీకి వచ్చింది కోతల కాలపు కూలి మాత్రమే. కాటన్ దొర మీద నాకు గౌరవం ఉంది. 1833 నాటి డొక్కల కరువు వంటి మరణాలు మళ్ళీ ఈ గడ్డ మీద జరగకుండా చేయాలన్న ఆయన పట్టుదల మరువరానిది. అయినా ఊరూరా ఆయన విగ్రహం పెట్టుకున్న మనం, ఆ కాలువల వెంట నడిచి కాకినాడ రేవుకు చేరి బర్మా స్టీమరు ఎక్కిన భూమిలేని మనిషిని డెల్టా చరిత్ర నుంచి తప్పించడం అన్యాయమని నా నమ్మకం.

కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుంచి బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలు మనుషులను రంగూన్ చేర్చేవి. కూలీలు డెక్కు మీదే ప్రయాణం చేసేవారు. ఇక్కడి పంటపని ముగిశాక వెళ్ళి, అక్కడి మిల్లుల హడావుడి తగ్గాక తిరిగి వచ్చేవారు చాలామంది. కొన్నేళ్ళు ఉండిపోయేవారూ ఉన్నారు. మధ్యలో మేస్త్రీ ఉండేవాడు. ఊళ్ళో బయానా ఇచ్చి, ఓడ చార్జీ పెట్టి, రంగూన్‌లో పని చూపించి, కూలి డబ్బు తన చేతి మీదుగా ఇచ్చేది అతనే. కూలిలో ఎంత కోసుకుంటున్నాడో చాలామంది కూలీలకు తెలిసే వీలు లేదు. ఈ అప్పు తీరేవరకు మనిషి మేస్త్రీ మనిషే. అయినా మనియార్డర్లు వచ్చాయి, కొందరు కాస్త పొలం కొన్నారు. ఇటువైపు వచ్చిన బర్మా టేకు మన మండువా లోగిళ్ళలో స్తంభాలుగా, దూలాలుగా ఇప్పటికీ నిలిచి ఉంది. ఆ టేకును మెచ్చుకునేవారు ఎందరో, ఓడల మీద బస్తాలు మోసినవారి పేర్లు చెప్పగలిగినవారు ఇప్పుడు అరుదు.

1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. ఈ ఒక్క వాక్యాన్ని బర్మీయుల వైపు నుంచి కూడా చదవాలి. తమ రాజధానిలో తామే అల్పసంఖ్యాకులైన జనానికి, ఆర్థిక మాంద్యంలో ధాన్యం ధర పడిపోయి అప్పుల కింద పొలాలు తమిళ వడ్డీవ్యాపారులైన చెట్టియార్ల చేతికి పోతున్న రైతుకు, తక్కువ కూలికి పనిచేసే తెలుగువాడు ఎదురుగా కనిపించే ప్రత్యర్థి అయ్యాడు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల కంపెనీల తరఫువారు బర్మీయులను పనిలో పెట్టారు. సమ్మె పరిష్కారమై తెలుగువారు తిరిగి పనిలోకి రాగానే బర్మీయులను పంపించివేశారు. మే 26న మొదలైన అల్లర్లలో వందకు పైగా మనుషులు చనిపోయారు, చనిపోయినవారిలో అత్యధికులు భారతీయులు. రెండు వైపులా పేదవాళ్ళే, వారిద్దరినీ ఒకరి మీదికి ఒకరిని తోసిన కూలి లెక్క మాత్రం మూడోవాడిది. ఈ ఘటనను మతకలహమనో జాతివైరమనో ముద్రవేసి వదిలేసే పుస్తకాలు నాకు తృప్తినివ్వవు.

ఇక్కడ సరిహద్దుల గురించి ఒక మాట చెప్పాలి. 1937 ఏప్రిల్ 1 వరకు బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక భాగం. కాకినాడ మనిషి రంగూన్ వెళ్ళడం చట్టం దృష్టిలో విదేశయానం కాదు. ఆ తేదీన మనిషి కదలలేదు, గీత కదిలింది. ఒక్క రాత్రిలో అతను పరాయి దేశంలో ఉన్న వలస కూలీ అయ్యాడు. దీనికి తలకిందులైన ఉదాహరణ మన యానాం. గౌతమి ఒడ్డునే, నాలుగు వైపులా తెలుగు పల్లెల మధ్య, 18వ శతాబ్దం నుంచి 1954 వరకు అది ఫ్రెంచివారి పాలనలో ఉంది. 1929 నాటి శారదా చట్టం బ్రిటిష్ ఇండియాలో బాల్యవివాహాలను నిషేధించినప్పుడు, ఆ చట్టం చెల్లని యానాంకు వచ్చి పిల్లలకు పెళ్ళిళ్ళు చేసిన కుటుంబాలు ఎన్నో. రంగం వెళ్ళడానికి సముద్రం దాటినా స్వదేశమే, యానాంలో అడుగుపెడితే పరదేశం. దేశాల పటాన్ని ముందు పెట్టుకొని ఆ తర్వాత మనుషుల కథ చెప్పబోతే ఎక్కడ తడబడతామో ఈ రెండూ చూపిస్తాయి.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 మార్చిలో నగరం వారి వశమైంది. ఓడల్లో చోటు దొరికినవారు కొద్దిమంది. మిగిలినవారు నడిచారు. అరకాన్ కనుమల మీదుగా చిట్టగాంగ్ వైపు, చింద్విన్ దాటి తమూ మీదుగా మణిపూర్ వైపు, మరికొందరు ఇంకా ఉత్తరాన హుకాంగ్ లోయ గుండా అస్సాం వైపు. నాలుగైదు లక్షల మంది ఇండియా చేరారని అంచనా. దారిలో కలరాతో, మలేరియాతో, ఆకలితో వేల మంది పోయారు. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద కూడా బాంబులు పడ్డాయి. కొడుకు బర్మా అడవుల్లో నడుస్తూ ఉండగా తల్లి కాకినాడ వదిలి పల్లెలకు పరుగెత్తిన ఏప్రిల్ అది. అక్కడ తెగిన దారి మనుషులదే కాదు, బియ్యానిది కూడా. ఏటా ఇండియాకు వచ్చే పది లక్షల టన్నులకు పైగా బర్మా బియ్యం ఒక్కసారిగా ఆగిపోయింది. 1943 బెంగాల్ కరువుకు కారణాలు అనేకం ఉన్నా వాటిలో ఇది ఒకటి. బర్మా బియ్యం మీద ఆధారపడిన తిరువాన్కూరు సంస్థానం (నేటి దక్షిణ కేరళ) కూడా అల్లాడింది. యుద్ధం తర్వాత తిరిగి వెళ్ళినవారిని 1960 దశకంలో నే విన్ సైనిక ప్రభుత్వం దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేసి మళ్ళీ ఓడ ఎక్కించింది. ఆంధ్ర పట్టణాల్లో బర్మా కాలనీ అన్న పేరు ఎక్కడ వినిపించినా దాని వెనుక ఈ రెండు తిరుగు ప్రయాణాలలో ఒకటి ఉంటుంది.

విత్తనం కథ ఎక్కువమందికి తెలియదు. నాకు మాత్రం ఇది అన్నిటికంటే ప్రియమైనది. మనిషి దాటలేని సరిహద్దును విత్తనం దాటుతుంది, దాటి వచ్చాక సొంత ఊరిదే అయిపోతుంది. 1960లో ఫోర్డ్, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్లు ఫిలిప్పీన్స్ ప్రభుత్వంతో కలిసి లాస్ బాన్యోస్‌లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థను నెలకొల్పాయి. ఆసియాలో ఆకలి కమ్యూనిజానికి దారితీస్తుందన్న అమెరికా భయం దాని వెనుక ఉన్న కారణాలలో ఒకటి. 1966లో ఆ సంస్థ విడుదల చేసిన ఐఆర్ 8 అనే వరి వంగడానికి తల్లి ఇండోనేషియాలోని పీటా, తండ్రి తైవాన్‌కు చెందిన పొట్టి రకం డీ-జియో-వూ-జెన్. ఆ పీటా కూడా డచ్చి పాలనాకాలంలో జావాలో చైనా మూలానికి చెందిన ఒక రకాన్ని, బెంగాల్ ప్రాంతపు లాటిసాయిల్‌ను కలిపి చేసినది. అంటే 1967లో పశ్చిమ గోదావరి ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు ఐఆర్ 8ను సాగుచేసి విత్తనంగా వృద్ధి చేసినప్పుడు, బెంగాల్ వరి తాలూకు మూడో తరం జావా, ఫిలిప్పీన్స్ చుట్టి వచ్చి గోదావరి నీళ్ళలో దిగిందన్నమాట. ఆయనను "మిస్టర్ ఐఆర్ 8" అని పిలిచారు. పొట్టిగా ఉండి, ఎరువు వేస్తే పడిపోకుండా, త్వరగా కోతకు వచ్చే ఈ రకం దాళ్వాకు, అంటే రెండో పంటకు, బాగా సరిపోయింది. చల్లారితే గట్టిపడే ఆ అన్నం తినడానికి రుచించదని మనవాళ్ళు విసుక్కున్నారు, అది వేరే సంగతి.

పశ్చిమ గోదావరిలోని మార్టేరు వరి పరిశోధనా స్థానం నుంచి 1982లో విడుదలైన ఎంటీయూ 7029, అంటే స్వర్ణ, కథ దీనికంటే విస్తారమైనది. స్వర్ణ తల్లిదండ్రులు వశిష్ఠ, మసూరి. ఈ మసూరిని మనం అచ్చంగా మనదే అనుకుంటాం. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆసియా దేశాల కోసం కటక్‌లో నడిపిన సంకర కార్యక్రమంలో, తైవాన్‌లో వృద్ధి అయిన తైచుంగ్ 65 అనే జపాన్ తరహా రకాన్ని, మలయాకు చెందిన మాయాంగ్ ఎబోస్ 80 అనే రకాన్ని కలపగా వచ్చిన సంతతిని మలయాకు పంపారు. అక్కడ దాన్ని ఎంపిక చేసి 1965లో విడుదల చేశారు. ఆ తర్వాతే అది ఇండియాకు వచ్చింది. మార్టేరులో దాని సంతానంగా పుట్టిన స్వర్ణ ఒడిశా, బెంగాల్, ఛత్తీస్‌గఢ్‌లను దాటి, ఏ ప్రభుత్వమూ పంపకుండానే రైతు నుంచి రైతుకు చేతులు మారుతూ బంగ్లాదేశ్ చేరింది. ఆపైన అది లాస్ బాన్యోస్ వెళ్ళింది. ఒడిశాకు చెందిన ఎఫ్ఆర్ 13ఏ అనే పాత రకంలో ఉన్న, ముంపును తట్టుకునే జన్యువును అక్కడ దానిలోకి తెచ్చారు. సుమారు రెండు వారాలు నీట మునిగినా తేరుకునే స్వర్ణ-సబ్1 2009లో ఇండియాలో విడుదలైంది. మార్టేరు నుంచి మనీలా పక్కకు వెళ్ళి, ఒడిశా గుణాన్ని మోసుకొని తిరిగి వచ్చిన ఈ వంగడానికి జన్మభూమి ఏదని అడిగితే ఒక్క పేరు చెప్పడం కుదరదు. విత్తనం మీద పేటెంట్లు, యాజమాన్య హక్కులు బిగుసుకుంటున్న ఈ రోజుల్లో అటువంటి ప్రయాణం మళ్ళీ అంత సులభంగా జరుగుతుందా అన్నది నన్ను కలవరపెట్టే ప్రశ్న.

దారి తెగినప్పుడు నష్టం ఎప్పుడూ మన వైపే అనుకోవడం కూడా సరి కాదు. బాస్మతి కాని బియ్యాన్ని విదేశాలకు పంపే రేవుల్లో కాకినాడది మన దేశంలో పెద్దపేరు. ఆ బియ్యంలో చాలా భాగం బెనిన్, టోగో, ఐవరీ కోస్ట్, సెనెగల్ వంటి పశ్చిమాఫ్రికా దేశాలకు వెళుతుంది. సెనెగల్‌లో నూకలనే ఇష్టంగా తింటారు. ఫ్రెంచి పాలనాకాలంలో సైగాన్ నుంచి మిల్లుల నూకలు చవకగా దిగుమతి అయ్యి, తరం గడిచేసరికి అదే వారి రుచి అయిపోయింది. మనం కోళ్ళకు వేసే నూకలు డాకర్‌లో చేపలతో వండిన పండగ వంట. 2022 సెప్టెంబరులో ఇండియా నూకల ఎగుమతిని నిషేధించింది. 2023 జులైలో బాస్మతి కాని తెల్ల బియ్యాన్ని ఆపి, ఆగస్టులో ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం వేసింది. ఇక్కడ ధరలు పెరగకుండా చూడాలన్నది ప్రభుత్వం చెప్పిన కారణం, అది తోసిపుచ్చవలసినది కాదు. అయినా 1942లో బర్మా బియ్యం రాక తిరువాన్కూరు పడిన అవస్థను చదివినవారికి, ఈసారి తలుపు మూసిన చేయి మనదేనన్న సంగతి గుర్తుండాలి. కాకినాడ లంగరు రేవులో బస్తాలు మోసే హమాలీకి ఆ నెలల్లో పని పోయింది, అట్లాంటిక్ ఒడ్డున కొనేవారికి ధర పెరిగింది. ఆ ఇద్దరూ ఒకరినొకరు ఎన్నడూ చూడరు.

రొయ్య సంగతి అందరికీ కళ్ళముందు జరుగుతున్నదే కనుక క్లుప్తంగా చెబుతాను. 1990 దశకం మధ్యలో తూర్పు ఆసియా నుంచి వ్యాపించిన తెల్లమచ్చ వ్యాధి టైగర్ రొయ్యను దెబ్బతీసింది. 2009లో మెక్సికో నుంచి పెరూ వరకు ఉన్న పసిఫిక్ తీరపు వెనామీ రొయ్యకు అనుమతి ఇచ్చారు. తల్లి రొయ్యలు హవాయి వంటి చోట్ల నుంచి విమానంలో చెన్నైలోని పరీక్షా కేంద్రానికి వచ్చి, అక్కడి నుంచి హేచరీలకు చేరతాయి. భీమవరం చెరువులో పెరిగిన రొయ్యకు అతిపెద్ద కొనుగోలుదారు అమెరికా. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు చెరువుగట్టు మీద కౌంటు ధర, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క మీద కట్టే ధర, పడిపోయింది. పిల్ల ఖర్చు, మేత ఖర్చు, ఏరియేటర్ల కరెంటు బిల్లు తగ్గలేదు. కౌలుకు చెరువు తీసుకున్న రైతు ఆ తేడాను తన మీదే వేసుకున్నాడు. 17వ శతాబ్దపు నేతగాడికి ఏ నమూనా కావాలో చెప్పిన మార్కెట్‌కు, ఈ రైతుకు ఏ కౌంటు కావాలో చెబుతున్న మార్కెట్‌కు పోలిక ఉందనే నేను అనుకుంటున్నాను. ఆ రోజుల్లోనూ ధర నిర్ణయించేది దూరాన, పెట్టుబడి పోయేది ఊళ్ళో.

చివరగా, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, అన్నిటికంటే తక్కువ రాయబడినది గల్ఫ్ వెళ్ళిన ఆడవాళ్ళ చరిత్ర. రంగం వెళ్ళినవారిలో అత్యధికులు మగవాళ్ళు. కోనసీమ నుంచి, నరసాపురం, పాలకొల్లు, ఆచంట ప్రాంతాల పల్లెల నుంచి కువైట్, మస్కట్, బహ్రెయిన్, దోహా వెళ్ళినవారిలో ఇంటిపనికి వెళ్ళిన స్త్రీలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. నరసాపురం చుట్టుపక్కల పూర్వం నుంచి స్త్రీల చేతిపనికి విదేశాలతో సంబంధం ఉంది; క్రైస్తవ మిషనరీలు 19వ శతాబ్దంలో నేర్పిన లేసు అల్లిక ఇంటి అరుగు మీద కూర్చుని చేసిన పని, దాని లాభం మాత్రం ఎగుమతిదారులది. గల్ఫ్ విషయంలో ఆ స్త్రీయే ప్రయాణం చేసింది. తన పిల్లలను అమ్మమ్మ దగ్గర వదిలి మరొకరి పిల్లలను పెంచింది. కఫాలా పద్ధతిలో యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలు లేదు. చాలా మంది పాస్‌పోర్టు కూడా యజమాని తన దగ్గరే ఉంచుకున్నాడు. 1983 నాటి మన వలసల చట్టం, దాని కింద వచ్చిన నియమాలు 30 ఏళ్ళు నిండని స్త్రీ ఆ దేశాలకు ఇంటిపనికి వెళ్ళకూడదన్నాయి. రక్షణ కోసం పెట్టిన ఈ నియమమే చాలామందిని ఏజెంటు చేతిలో పెట్టి, విజిటింగ్ వీసా మీద, వయసు మార్చిన కాగితాల మీద పంపింది. ఆ ఏజెంటు పాత మేస్త్రీకి వారసుడు.

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు 1,70,000 మందికి పైగా భారతీయులను జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా విమానాల్లో తీసుకువచ్చారు. ఈ తరలింపు గురించి చెప్పేటప్పుడు విమానాల సంఖ్యను గర్వంగా చెప్పుకుంటాం. ఎడారి గుడారాల్లో వారాలు గడిపి, జీతం బాకీ అక్కడే వదిలి, అప్పు ఇక్కడే ఉన్న ఇంటికి చేరిన మన పల్లెల ఆడవాళ్ళ మాటలను ఎవరూ క్రమంగా నమోదు చేయలేదు. వారిలో చాలామంది మళ్ళీ వెళ్ళారు కూడా.

బర్మా తరం మనుషులతో మాట్లాడే అవకాశం దాదాపు చేజారింది, కువైట్ తరంతో మాట్లాడే అవకాశం ఇంకా ఉంది. 1980, 1990 దశకాల్లో చదువు రాని అమ్మలు ఉత్తరానికి బదులు క్యాసెట్‌లో మాటలు రికార్డు చేసి, ఊరికి వచ్చేవారి చేతికిచ్చి పంపేవారు. ఇంట్లోవాళ్ళు విని, దాని రెండో వైపు తమ మాటలు నింపి తిరిగి పంపేవారు. ఆ క్యాసెట్లు మన పల్లెల్లో అటకల మీద, ట్రంకు పెట్టెల అడుగున ఇప్పటికీ ఉన్నాయి. వాటితోపాటు పాత పాస్‌పోర్టులు, ఏజెంటు రాసిచ్చిన చీటీలు, బ్యాంకు డ్రాఫ్టుల నకళ్ళు ఉన్నాయి. టేపు మీద పూత రాలిపోతే అందులోని గొంతు ఇక తిరిగి రాదు, డెల్టా గాలిలోని తేమకు బూజు త్వరగా పడుతుంది. మన డిగ్రీ కాలేజీల చరిత్ర శాఖలు విద్యార్థులకు ఇచ్చే ప్రాజెక్టుల్లో ఈ పనిని చేర్చాలని, ముందుగా ఆ కుటుంబాల అనుమతి తీసుకొని, గుట్టుగా ఉంచమన్న మాటలను గుట్టుగానే ఉంచుతూ, ఒక్కో క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఏ ఊరు, ఏ ఏడు, ఏ దేశం అన్న వివరాలతో భద్రపరచాలని నేను కోరుతున్నాను. మీ ఇంట్లో అటువంటి క్యాసెట్ ఉంటే పాత టేప్‌రికార్డరులో ఆత్రంగా పెట్టి వినకండి, రీలు తెగిపోతుంది. ముందు ఎండ తగలని పొడి చోట నిలువుగా పెట్టి, శుభ్రం చేసి ఎక్కించగలిగినవారి దగ్గరకు తీసుకువెళ్ళండి.